నీలిమందు నాలుగు చుక్కలు

నా కుడి కంటికి మోతిబిందు, అదే శుక్లం, తీసిన తొమ్మిదో రోజు, పొద్దున పదకొండు గంటలకు, మా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు నాకు తెలిసింది, ఇరవై రెండేళ్ళ దోస్తు నా గొంతు కోశాడని. కోసింది ఆ రోజు కాదు. అంతకుముందు రెండేళ్ళుగా, ఆదివారం ఆదివారం, చాయ్ తాగుతూ, నా భుజం మీద చెయ్యి వేసి మరీ కోశాడు. ఇన్నాళ్ళూ ఈ మాట మా ఇంటావిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పలేకపోవడానికి కారణం ఉంది, అది కూడా రాస్తాను.

నేను పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్రెస్సులో చెకర్‌గా చేసి మొన్ననే రిటైరయ్యాను. మాత్రలు పెట్టే అట్ట డబ్బాలు అచ్చువేసే ప్రెస్సు అది. అచ్చయిన షీటు నా టేబుల్ మీదికి వస్తుంది, రంగు కుదిరిందా లేదా చూసి నేను సంతకం పెడితేనే ముందుకు పోతుంది. మాది కర్దనూర్. వ్యవసాయం చేసుకున్న ఇల్లే. భూమి సగం ప్లాట్లయింది, మిగిలిన సగం తమ్ముడు చూసుకుంటున్నాడు, నేను కుర్రతనంలోనే ఫ్యాక్టరీ బస్సెక్కాను. నా దోస్తు అదే ప్రెస్సులో మెషిన్ ఆపరేటర్. సంగారెడ్డి గంజి బజారులో వాళ్ళకు ధాన్యం కొట్టు ఉండేది. అది అన్నలకు వదిలేసి వచ్చి బీరంగూడలో ఇల్లు కట్టుకున్నాడు. అతను నన్ను పటేలా అనేవాడు, నేను అతన్ని సేటూ అనేవాణ్ణి. ప్రెస్సులో మా ఇద్దరికీ ఆ పేర్లే ఖాయమయ్యాయి.

ఈ తపాలా బిళ్ళల పిచ్చి మాకు ప్రెస్సులోనే అంటుకుంది. మా పాత మెషిన్ ఇంగ్లండుది. స్పేర్ పార్టుల కోసం రాస్తే అక్కడి నుంచి కవర్లు వచ్చేవి, వాటి మీద రాణి తల ఉన్న చిన్న చిన్న బిళ్ళలు ఉండేవి. ఒకరోజు సేటు అలాంటి రెండు కవర్లు తెచ్చి నా టేబుల్ మీద పడేశాడు. రెండింటి మీదా ఒకటే బిళ్ళ, నీలం రంగుది. ఆ దేశంలో నిదానంగా పోయే రెండో తరగతి ఉత్తరాలకు అది అంటిస్తారట. ధర ఉండదు, రెండు అనే అంకె మాత్రం ఉంటుంది.

"పటేలా, గీ రెండిట్ల ఫరక్ ఏందో చెప్పు" అన్నాడు.

నా జేబులో ఎప్పుడూ లూపు ఉంటుంది. చుక్కలు చూడడానికి కంటికి ఆనించుకునే చిన్న భూతద్దం అది. పెట్టి చూస్తే ఒక బిళ్ళ మీద రెండు అంకె అంచు రంపపు పళ్ళలా ఉంది, ఇంకోదాని మీద బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంది. మొదటిది గ్రావూర్ అచ్చు, రెండోది ఆఫ్‌సెట్. మా పనే అది, చెప్పడానికి క్షణం పట్టలేదు. సేటు ముఖం వెలిగిపోయింది. అతనికి కూడా అదే తేలిందట, నేను ఏమంటానో చూద్దామని అడిగాడు. చూడడానికి ఒకేలా కనిపించే బిళ్ళను ఆ దేశం వాళ్ళు ఏళ్ళ తరబడి రకరకాల ప్రెస్సుల్లో, రకరకాల కాగితాల మీద, రకరకాల జిగురుతో వేశారని మాకు ఆ తర్వాత తెలిసింది. మామూలు మనిషికి అది ఒక్క బిళ్ళ. మాలాంటి వాళ్ళకు అది వంద బిళ్ళలు. ఇక ఆగుతామా?

హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర సంచుల లెక్కన వాడేసిన బిళ్ళలు దొరికేవి, కవరు ముక్కలతో సహా. చెరిసగం తీసుకునేవాళ్ళం. కవరు ముక్క నుంచి బిళ్ళను విడదీయాలంటే నీళ్ళలో నానబెట్టాలి. మొదటి సంచి నేను మా ఇంట్లోనే, మా బోరు నీళ్ళలో నానబెట్టాను. ఆరిన తర్వాత చూస్తే ప్రతి బిళ్ళ మీదా తెల్లటి ఉప్పు పొర. నీలం బిళ్ళలన్నీ సున్నం కొట్టిన గోడల్లా అయ్యాయి. సేటు ఇంటికి మంజీర నల్లా వస్తుంది. ఆ నీళ్ళు మెత్తన. అందుకని అప్పటి నుంచి నా వాటా కూడా అతని ఇంట్లోనే నానేది, అతని ఇంట్లోనే ప్రెస్సు అట్టముక్కల మధ్య ఆరేది. ఆదివారం నేను స్కూటర్ మీద బీరంగూడ పోయేవాణ్ణి. స్టీలు పళ్ళెంలో బిళ్ళలు తేలుతుంటే చిమ్టాతో ఒక్కొక్కటే తీసేవాళ్ళం. వాళ్ళావిడ ఉప్మా పెట్టేది, మీ ఇద్దరికీ పిల్లలు చాల్లేదా అని నవ్వేది. మా ఇంట్లో ఎలుకలు, వానాకాలం చెమ్మ. అందుకని చివరికి నా ఆల్బమ్ కూడా వాళ్ళ మేడ మీద గదిలోనే ఉండేది. అంత నమ్మకం నాకు మా తమ్ముడి మీద కూడా లేదు.

ఎలా చూస్తామో కొంచెం చెప్పాలి, లేకపోతే నేను పోగొట్టుకున్నదేమిటో మీకు అర్థం కాదు. ముందు అంచు పళ్ళు లెక్కపెట్టాలి. పక్క అంచుల్లో కోడిగుడ్డు ఆకారంలో ఒక రంధ్రం ఉందా లేదా చూడాలి, అది తర్వాతి కాలపు బిళ్ళలకే ఉంటుంది. ఆ తర్వాత బిళ్ళను ఎండకు వాలుగా పట్టి చూడాలి. నీలం బిళ్ళ నడుమ నిలువుగా ఒక పట్టీ ఉంటుంది, దాన్ని బట్టే అక్కడి పోస్టాఫీసు మెషిన్ ఉత్తరాన్ని వేరు చేస్తుంది. నేరుగా చూస్తే కనిపించదు, వాలుగా పడితే అక్కడ మెరుపు తగ్గుతుంది. గంజి కొట్లో దొంగనోట్లు చూసే ఊదా లైటు ఒకటి పాతదైతే సేటు తెచ్చుకున్నాడు, కొన్నిటి పట్టీ దాని కింద వెలిగేది. అన్నిటికన్నా చివర రంగు. రంగు దగ్గర సేటు కూడా నా మాటే వినేవాడు. ప్రెస్సులో నా కన్నంటే కన్ను.

రంగుల పేర్లు ఇంగ్లీషు జాబితాలో ఉంటాయి. ఒక గోధుమరంగుకు వాళ్ళు ఏదో విదేశీ కాయ పేరు పెట్టారు, ఆ కాయ సంగారెడ్డిలో ఎవడు చూశాడు? అందుకని నా పేర్లు నేను పెట్టుకున్నాను. నీలంలో ఒకటి రేషన్ కిరోసిన్. ఒకటి స్కూలు సిరా. ఒకటి నెమలి మెడ. తెల్లబట్టలకు వేసే నీలిమందును బట్టి మూడు: ఒక చుక్క, రెండు చుక్కలు, నాలుగు చుక్కలు. బకెట్ నీళ్ళలో నీలిమందు ఒక్కో చుక్కా వేస్తూ పోతే వచ్చే రంగులు అవి. సేటు పడీ పడీ నవ్వాడు, కానీ నెల తిరక్కుండా అతనూ ఆ పేర్లే వాడడం మొదలుపెట్టాడు.

ప్రెస్సులో చెకర్లకు ఒక అలవాటు ఉంది. షీటు వాపసు పంపినప్పుడు స్లిప్పు రాస్తాం, దోషం ఏమిటో, ఎక్కడుందో. కార్బన్ పెట్టి రాస్తాం. పైకాగితం షీటుతో మెషిన్ దగ్గరికి పోతుంది, కింది కాగితం బుక్కులోనే ఉంటుంది. ఆ బుక్కులు మారినప్పుడు పాతవి తుక్కులో వేస్తుంటే ఐదారు నేను ఇంటికి తెచ్చుకున్నాను. మంచి బిళ్ళ దొరికినప్పుడల్లా దానికొక స్లిప్పు రాసేవాణ్ణి. "రేషన్ కిరోసిన్. గ్రావూర్. ఎడమవైపు కింది నుంచి మూడో పన్ను పొట్టి." అలా. పైకాగితం చింపి బిళ్ళ వెనక పెట్టేవాణ్ణి, బుక్కు మా ఇంట్లో ట్రంకు పెట్టెలో పడి ఉండేది. మెషిన్ వాళ్ళకు పైకాగితం సంగతే తెలుసు. కింద ఇంకొకటి మిగులుతుందని వాళ్ళు ఎన్నడూ పట్టించుకోలేదు.

మొత్తం మీద ఆ ఒక్క నీలం బిళ్ళలోనే పందొమ్మిది రకాలు నేను వేరుచేశాను. అన్నిటికీ పెద్దది నీలిమందు నాలుగు చుక్కలు. ముదురు నీలం, దానికి నడుమ ఉండాల్సిన పట్టీ లేదు. అచ్చువేసేటప్పుడు పట్టీ వేయడం మరిచిపోయారన్నమాట. నా వాటా సంచిలో నుంచే, నా చిమ్టాకే వచ్చింది. ఎండకు ఎన్ని విధాల వాల్చి చూసినా పట్టీ లేదు. సేటు మేడ మీది నుంచి కిందికి పరిగెత్తి వాళ్ళావిడను పిలుచుకొచ్చాడు, పాపం ఆమెకేం తెలుస్తుంది. ఆ రోజు కుడివైపు పైపన్ను విరిగిందని కూడా స్లిప్పులో రాశాను.

హైదరాబాద్‌లో తపాలా బిళ్ళల ప్రదర్శనలు జరుగుతాయి. ఒక ఫ్రేములో పదహారు షీట్లు పెట్టనిస్తారు. రిటైరయ్యేలోగా ఈ ఒక్క నీలం బిళ్ళతో పదహారు షీట్లు నింపాలని, ఫ్రేము కింద నా పేరు చూసుకోవాలని నా ఆశ. జీవితమంతా ఎవరో కంపెనీ డబ్బాల మీద సంతకం పెట్టిన వాణ్ణి. నాదంటూ ఒక్కటి గోడకు ఎక్కాలనుకున్నాను, అంతే. ఇది తప్పా? మా ఇద్దరి పేర్లూ వేసుకుందామని కూడా నేనే అన్నాను. ఫ్రేము నీది పటేలా, నేను అట్టలు కోసి ఇస్తా అన్నాడు సేటు.

అప్పుడు నా కళ్ళు మొరాయించాయి. మోతిబిందు ఒక్కసారిగా రాదు. ముందు రంగులు మాసిపోతాయి. అందులోనూ నీలం మొదట పోతుంది, అన్నీ చాయ్ పోసినట్టు పసుపు తిరుగుతాయి. నాకు వయసు అనుకున్నాను, ప్రెస్సులో ట్యూబులైట్లు పాతవి అనుకున్నాను. ఒకరోజు రంగు చూసే లైటు పెట్టె ముందు నీలం డబ్బాల షీటు పట్టుకుని నిలబడితే, లేతదో ముదురుదో చెప్పలేకపోయాను. డబ్బాలు చేయించుకునే పార్టీ వాళ్ళు సంతకం చేసిచ్చిన రంగు కార్డు పక్కనే ఉంది, లేత, సరైనది, ముదురు అని మూడు నమూనాలు. నాకు మూడూ ఒకటే.

సేటు కనిపెట్టాడు. ఎవరితోనూ అనలేదు. మర్నాటి నుంచి షీటు తెచ్చినప్పుడు లైటు పెట్టె అంచు మీద పెన్నుతో తట్టేవాడు. రెండుసార్లు తడితే బాగుందని, ఒకసారి తడితే తేడా ఉందని. నేను దాన్ని బట్టి సంతకం పెట్టేవాణ్ణి. రెండేళ్ళు అలా నడిచింది. నాకు కనిపించడం లేదని తెలిస్తే చెకర్ కుర్చీ నుంచి లేపి జిగురు సెక్షన్‌లో వేసేవాళ్ళు, అక్కడ మా ఊరి పిల్లల వయసు బిహారీ కుర్రాళ్ళ పక్కన నిలబడాలి. పరువు పోతుందని భయపడ్డాను. ఆపరేషన్ అంటే అంతకన్నా భయం, మా పెదనాయన కన్ను అలాగే పోయింది. అందుకని చూడకుండా సంతకాలు పెట్టాను. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. సేటు అబద్ధం తట్టాడని మాత్రం అనను. ఆ రెండేళ్ళలో ఒక్క లాటు వాపసు రాలేదు. ఆదివారాలు అతని ఇంట్లో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను కూడా. నువ్వు లేకుంటే నా బతుకు ఏమయ్యేది సేటూ అన్నాను.

ఆ ఆదివారాల్లోనే ఆల్బమ్ తెరిస్తే అన్ని నీలాలూ ఒకే బూడిదరంగులో కనిపించేవి. నాకు ఏమీ తెలుస్తలేదు, నువ్వే చూడు అనేవాణ్ణి. బిళ్ళల వెనక స్లిప్పులు లేవేమని ఒకసారి అడిగితే, కార్బన్ కాగితం మరక బిళ్ళకు అంటుతుందని తీసేశానన్నాడు. మంచిపని చేశావన్నాను. నా ముఖం. ఆపరేషన్‌కు ముందు, ఎందుకైనా మంచిదని, ఆల్బమ్ మా ఇంటికి తెచ్చుకున్నాను. ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంచరాదా అని రెండుసార్లు అన్నాడు. నా మీద ప్రేమ అనుకున్నాను.

కుడి కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు మా ఇంటావిడ కట్టుకున్న చీర చూసి కొత్తదా అని అడిగాను. నాలుగేళ్ళ కిందటిదట, నేనే కొన్నానట. ఆ నీలం చూసి నాకు ఏడుపొచ్చింది. నల్లాకు తగిలించిన ప్లాస్టిక్ పైపు, ఎదురింటి వాళ్ళ వాటర్ డ్రమ్ము, అన్నీ నీలమే. చుక్కల మందు వేసుకుంటూ ఎనిమిది రోజులు గడిపాను. తొమ్మిదో రోజు ఇక ఆగలేక ఎండ వరండాలోకి వచ్చే వేళకు ఆల్బమ్ తెచ్చుకుని కూర్చున్నాను.

మొదటి పేజీ తెరిచాను. అన్నీ ఒకే నీలం. రెండో పేజీ, అదే నీలం. పందొమ్మిది రకాలు పెట్టిన చోట ఐదు తప్ప మిగిలినవన్నీ ఒక్క అచ్చులోంచి ఊడిపడినట్టు ఉన్నాయి. ముందు డాక్టర్ మీద కోపం వచ్చింది. కంట్లో వేసిన అద్దం మంచిది కాదనుకున్నాను. నా పాత సంచిలో ప్రెస్సు రంగు కార్డు ఒకటి ఉంటే తీసి చూశాను. లేత, సరైనది, ముదురు. మూడూ మూడు రంగుల్లో స్పష్టంగా కనిపించాయి. నా కన్ను బాగానే ఉంది.

ట్రంకు పెట్టె తీసి స్లిప్పు బుక్కు బయటికి లాగాను. రేషన్ కిరోసిన్, ఎడమవైపు కింది నుంచి మూడో పన్ను పొట్టి అని కార్బన్ కాపీలో ఉంది. లూపు పెట్టి చూస్తే ఆల్బమ్‌లో ఆ స్థానంలో ఉన్న బిళ్ళకు పళ్ళన్నీ శుభ్రంగా ఉన్నాయి. నెమలి మెడ ఆఫ్‌సెట్ అని రాసుంది, ఉన్నది గ్రావూర్. ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వచ్చాను, ప్రెస్సులో లాటు చూసినట్టే. చివరికి నీలిమందు నాలుగు చుక్కలు. పట్టీ లేదు అని నా చేతిరాతతోనే ఉంది. బిళ్ళను చిమ్టాతో తీసి ఎండకు వాలుగా పట్టుకున్నాను. నడుమ నిలువుగా పట్టీ నిక్షేపంగా ఉంది. పట్టీ లేకుండా అచ్చయిన బిళ్ళకు పట్టీ ఎక్కడి నుంచి మొలుస్తుంది?

పందొమ్మిదిలో పద్నాలుగు మారాయి. తెలియక కలిసిపోయాయి అనుకోవడానికి వీల్లేదు. ప్రతిదాని స్థానంలో అదే బొమ్మ, అంతే పాత, అంతే మాసిన బిళ్ళను ఏరి పెట్టాడు. నా చూపు ఎంతవరకు పనిచేస్తుందో కొలత తెలిసినవాడు చేసిన పని అది. ఆ కొలత అతనికి ఎలా తెలుసు? నేనే చెప్పాను, ఆదివారం ఆదివారం, ఏడ్చుకుంటూ.

మా ఇంటావిడ అన్నానికి పిలిస్తే పలకలేదు. ఆమె వచ్చి నా ముఖం చూసి, ఒళ్ళోని ఆల్బమ్ చూసి, కంట్లో నీళ్ళు కారితే కుట్లు పాడవుతాయని తిట్టింది. కుట్లు లేవే అని చెప్పి, జరిగింది చెప్పాను. ఆమె, గా మనిషి మనింట్ల ఎన్నిమార్లు తిన్నడు అని మాత్రం అంది.

ఆ ఆదివారం చెప్పకుండా బీరంగూడ పోయాను. నల్ల అద్దాలు పెట్టుకుని, తమ్ముడి బండి వెనక కూర్చుని. వీధి చివర దిగిపోయి తమ్ముణ్ణి పంపేశాను. సేటు మేడ మీద ఉన్నాడు. స్టీలు పళ్ళెంలో ఎప్పటిలాగే బిళ్ళలు నానుతున్నాయి. టేబుల్ మీద తెల్లటి షీట్లు వరుసగా పరిచి ఉన్నాయి, లెక్కపెట్టనక్కరలేదు, పదహారే. వాటి మీద నా నీలాలు. కింద అందమైన చేతిరాతతో ఇంగ్లీషు పేర్లు రాసి ఉన్నాయి. మొదటి షీటు మీద పేరు ఒక్కటే, అతనిది. నల్ల అద్దాలు తీసేశాను. నాలుగు చుక్కలు పదకొండో షీటులో ఒంటరిగా పెట్టాడు, చుట్టూ నల్ల గీత గీసి. కుడివైపు పైపన్ను విరిగి ఉంది.

దాని మీదికి చెయ్యి చాపాను. సేటు లేచి, నా చేతికీ షీటుకూ నడుమ తన చెయ్యి పెట్టాడు.

"చేతితోని ముట్టకు పటేలా. చెమటంటుతది" అన్నాడు.

అది నేను అతనికి నేర్పిన మాట. ఇక్కడ నానబెట్టిన మొదటి సంచి రోజున, ఇదే గదిలో. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది. లాగి ఒక్కటి ఇవ్వాల్సిన చోట, చెమట అంటుతుందని చెయ్యి వెనక్కి తీసుకున్న వాణ్ణి నేను.

ఎప్పటి నుంచి అని అడిగాను. తల వంచుకోలేదు, బుకాయించలేదు. కూర్చోమని కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"నీకు గవన్నీ ఒక్కతీర్గనే కనవడుతుండె గదా" అన్నాడు. "బూడిద తీర్గున్నయని నువ్వే అన్నవు. నీకు కనవడనిది నీ దగ్గరుంటేంది, నా దగ్గరుంటేంది? నీకేం కమ్మి పడ్డది చెప్పు."

"నన్ను అడుగుతే ఇయ్యకపోదునా సేటూ?"

"అడుగుతే ఇస్తుంటివి. ఇచ్చినవని ఫ్రేము కింద నీ పేరు గూడ రాయాల్సొస్తుండె."

ఎంత నిదానంగా అన్నాడంటే, మెషిన్‌లో ఇంక్ తగ్గించాలి అన్నట్టు అన్నాడు. నేను ఆపరేషన్ చేయించుకోననుకున్నాడట. ప్రాణం పోయినా కత్తి దగ్గరికి పోను అని నేనే వందసార్లు అన్నానట. నిజమే, అన్నాను. కార్బన్ కాపీలు ఉన్నాయని చెప్పాను, ఒక్కో పన్ను లెక్క రాసి ఉందని, ప్రదర్శన వాళ్ళకు చూపిస్తానని. అప్పుడు మాత్రం అతని ముఖం కొంచెం మారింది. కాసేపు పళ్ళెంలో తేలే బిళ్ళలను చిమ్టాతో ముంచుతూ కూర్చున్నాడు.

"చూపెట్టు" అన్నాడు. "రెండేండ్లు నీ కండ్ల ముంగటనే బిళ్ళలు మారుతుంటే నువ్వేం జేసినవని అడుగుతరు. కనవడలే అంటవు. మరి గా రెండేండ్లు ప్రెస్సుల సంతకాలు ఎట్ల వెట్టినవని గూడ అడుగుతరు. పెన్ను సప్పుడు మరిచినవా పటేలా?"

ఇన్నేళ్ళూ నన్ను కాపాడిందని దండం పెట్టుకున్న ఆ పెన్ను చప్పుడునే తాడు చేసి నా మెడకు వేశాడు. అది మొదటి నుంచీ అందుకే తట్టాడా, లేక నిజంగా నా మీద జాలితోనే మొదలుపెట్టి తర్వాత ఈ బుద్ధి పుట్టిందా? ఇది నాకు ఈరోజుకీ తెలియదు. తెలిస్తే బాగుండు. మొదటిదైతే కడుపారా తిట్టుకునేవాణ్ణి. కింద వాళ్ళావిడ ఉప్మా చేశానని, తిని పొమ్మంది. పని ఉందని చెప్పి బయటపడ్డాను. చౌరస్తా దాకా నడిచి, షేర్ ఆటోలో ఇంటికొచ్చాను.

నెల తర్వాత డ్యూటీలో చేరాను. మొదటి రోజే సేటు నీలం షీటు తెచ్చి లైటు పెట్టె మీద పరిచి, పెన్నుతో రెండుసార్లు తట్టాడు. అవసరం లేదని అతనికి తెలుసు. గుర్తుచేయడానికే తట్టాడు. వాపసు పంపి అతని మెషిన్ ఆపిద్దామని ఎంత కోరిక పుట్టిందో చెప్పలేను. షీటు చూశాను. రంగు కార్డు పక్కన పెట్టి మళ్ళీ చూశాను. బాగుంది. బాగున్న షీటుకు దోషం రాయడం నాకు చేతకాలేదు, సంతకం పెట్టాను.

ఆ చలికాలంలో ప్రదర్శన జరిగింది. అతని ఫ్రేముకు కంచు పతకం వచ్చింది. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర అందరికీ లడ్డూలు పంచాడు. హమాలీల నుంచి మేనేజర్ దాకా అందరూ చుట్టూ నిలబడి పతకం చేతులు మార్చుకుంటూ చూస్తున్నారు. నా దగ్గరికి వచ్చి, మా పటేలే నాకు రంగులు నేర్పిండు అని పదిమంది ముందు గట్టిగా చెప్పి, నా చేతిలో లడ్డూ పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తిన్నాను. ఏం చేయమంటారు, పదిమంది చూస్తుంటే నోట్లో పెట్టుకుని నమిలి మింగాను. ఆ తీపి రెండు రోజులు గొంతులోనే ఉంది.

ఆ తర్వాత ఏడాదిన్నర ఒకే షెడ్డులో పనిచేశాం. షీటు తెస్తాడు, చూస్తాను, సంతకం పెడతాను. మాట లేదు. మొన్న నా రిటైర్‌మెంటు రోజు దండ వేయడానికి అతను ముందుకొస్తుంటే చెప్పుల కోసం వెతుకుతున్నట్టు వంగిపోయాను. ఇప్పుడు నా సంతకాల సంగతి తెలిసినా ఎవరూ నన్ను ఏమీ చేయలేరు. అందుకే రాస్తున్నాను. కార్బన్ కాపీల బుక్కు ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉంది. ఎవరైనా వచ్చి చూస్తామంటే చూపిస్తాను. ఎవరూ రారని తెలుసు.

ఎడమ కంటికి కూడా ఆపరేషన్ చేయించుకోమని డాక్టర్ మొదటి రోజు నుంచీ చెబుతున్నాడు. మా ఇంటావిడ సణుగుతూనే ఉంది. ఒక కన్ను బాగై పోతిరెడ్డిపల్లి దాకా ఒక్కడివే బండి నడుపుకుంటూ పోతున్నావు కదా, రెండోదానికి ఇంకా భయమేంది అని. భయం కాదు. ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు. అప్పుడప్పుడు, ఆమె ఇంట్లో లేని వేళ, వరండాలో కుర్చీ వేసుకుని ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకుంటాను. కుడి కన్ను అరచేత్తో మూసుకుని ఎడమ కంటితో చూస్తాను. చాయ్ రంగు తిరిగిన ఆ మసకలో బిళ్ళలన్నీ బూడిదగా, ఏదీ మారనట్టుగా ఉంటాయి. రేషన్ కిరోసిన్ ఉన్న చోట రేషన్ కిరోసిన్ ఉందనుకోవచ్చు. నాలుగు చుక్కలు ఉన్న చోట నాలుగు చుక్కలు ఉందనుకోవచ్చు. కింద ఉప్మా వాసన, పళ్ళెంలో మంజీర నీళ్ళు, పక్కన భుజం మీద చెయ్యి. ఆ కంటికి సేటు ఇంకా నా దోస్తే.

సోమవారం దానికి కూడా ఆపరేషన్. పొద్దున ఏడింటికే రమ్మన్నారు.